పూత క్రింది తుప్పు
(పంచాయతీ బండ్ల పాత రేకులకు మరమ్మతు చేయు విధానమును గురించిన ప్రసంగ పాఠము)



గ్రామములో చెత్త నెత్తు ట్రాలీ, మొక్కలకు నీరు మోయు ట్యాంకరు, కొన్ని పెద్ద పంచాయతీలలో కంకర, మట్టి తోలు పాత లారీ, ఇవి యన్నియు ప్రజల సొమ్ముతో సమకూరినవి. తెలంగాణములో 2019వ సంవత్సరము సెప్టెంబరు నెలలో ప్రారంభమయిన పల్లె ప్రగతి కార్యక్రమములో భాగముగా అప్పటి 12,769 గ్రామ పంచాయతీలకు ట్రాక్టరును, ట్రాలీని, ట్యాంకరును సమకూర్చు పని జరిగినది. ఆంధ్రప్రదేశములోను అనేక పంచాయతీలు సొంత బండ్లను నడుపుచున్నవి. ఆనాడు క్రొత్తవిగా ఊరిలోనికి వచ్చిన బండ్లు ఇప్పటికి ఎన్నో వానకాలములను చూచినవి.

ఇంజను చెడినచో బండి ఆగును. ఆ సంగతి ఊరందరికిని తెలియును. రేకును తుప్పు తినుచున్నపుడు బండి ఆగదు. కావున ఎవరును పట్టించుకొనరు. ఒకనాడు ట్రాలీ అడుగు రేకు ఊడి చెత్త వీథిలో పడును. లేదా లోపల నిలుచున్న పారిశుద్ధ్య కార్మికుని కాలు ఆ చిల్లులో దిగబడును. అపుడు సభలో చర్చ వచ్చును, క్రొత్త ట్రాలీ కొరకు తీర్మానమును వచ్చును. గోటితో పోవు దానిని గొడ్డలిదాక తెచ్చుకొనుట యనగా ఇదియే.

ఈ ప్రసంగములో మేము రెండు సంగతులు మనవి చేయదలచితిమి. తుప్పు పట్టిన రేకును బాగుచేయు పనిలో తొలిమెట్లు ఏవియో, క్రొత్తగా నేర్చుకొనువారు వానిని ఎట్లు చేయవచ్చునో చెప్పుట మొదటిది. ఆ పనిని ఇతరుల చేత చేయించునపుడు పంచాయతీ ఎక్కడ నిలిచి, ఏమి చూడవలెనో చెప్పుట రెండవది. ఈ రెండింటికిని మూలసూత్రము ఒక్కటే: రేకు ఆయుస్సు పైన కనబడు రంగులో లేదు, ఆ రంగు క్రింద ఉన్నదానిలో ఉన్నది.

తుప్పు ఎట్లు పుట్టును?

ఇనుము, గాలిలోని ప్రాణవాయువు, నీరు, ఈ మూడును కలిసిన చోట తుప్పు పుట్టును. వాన కురియకున్నను, గాలిలో తేమ నూటికి అరువది పాళ్లు దాటినచో చాలును, ఇనుము మెల్లగా తుప్పు పట్టును. ఉప్పు తోడైనచో ఆ వేగము హెచ్చును. సముద్రతీర గ్రామములలోని బండ్లు త్వరగా పాడగుటకు కారణమిదియే. తడిచెత్త నుండి ఊరు పుల్లని నీరును, ట్రాలీలో మోసిన ఎరువుల పొడియు ఇనుమునకు ఇట్టి హానినే చేయును.

తుప్పునకు ఒక దుర్గుణము కలదు. అల్యూమినియముపై ఏర్పడు పొర గట్టిగా అంటుకొని, లోపలి లోహమును కాపాడును. ఇనుముపై ఏర్పడు తుప్పు అట్లు కాక పొరలు పొరలుగా విచ్చిపోవును, తేమను పీల్చి నిలువ ఉంచుకొనును. అంతేకాక, తాను పుట్టిన ఇనుము కంటె రెండు రెట్లకు పైగా చోటు ఆక్రమించును. రేకుమీది రంగు పొక్కులుగా పొంగుటకు కారణమిదియే. పైన శనగగింజంత పొక్కు కనబడినచో, క్రింద రూపాయి బిళ్లంత తుప్పు ఉండవచ్చునని తలంచవలెను.

నీరు నిలుచు చోట్లను గుర్తుంచుకొనుట మంచిది. ట్రాలీలో అడుగు రేకు మూలలు, రేకును యాంగిలు ఇనుమును కలిసిన సందులు, వెనుక తలుపు బందుల చుట్టు, అడుగు రేకు క్రింది ముఖము. లారీలో క్యాబిన్ తలుపుల క్రింది అంచు, మడ్గార్డుల లోపలి వంపు, పాదము మోపు మెట్టు. తలుపు విషయము ప్రత్యేకముగా చెప్పవలెను. అద్దము ప్రక్కనుండి లోనికి దిగిన వాననీరు బయటికి పోవుటకు తలుపు అడుగున చిన్న రంధ్రములు ఉండును. అవి దుమ్ముతో, బురదతో పూడిపోయినచో నీరు లోపలనే నిలిచి, తలుపు లోపలి నుండి తినివేయబడును. బయట రంగు మెరయుచునే ఉండును!

తట్టి చూడుడు, పొడిచి చూడుడు

మరమ్మతునకు పూనుకొనక ముందు బండిని బాగుగా కడిగి, ఎండలో పూర్తిగా ఆరనీయవలెను. పిమ్మట చిన్న సుత్తితో రేకునంతయు మెల్లగా తట్టుచు పోవలెను. గట్టి రేకు కంగుమని మ్రోగును, తినివేయబడిన రేకు మందముగా పలుకును. అనుమానము కలిగిన చోట స్క్రూడ్రైవరు కొనతో నొక్కి చూడవలెను. చెడిన చోట్లను సుద్దముక్కతో గుర్తించి, వానిని మూడు తరగతులుగా విభజింపవలెను.

మొదటిది పైతుప్పు. రంగు పోయి రేకు ఎర్రబారినది, కాని మందము తగ్గలేదు. రెండవది గుంటల తుప్పు. రేకుపై మశూచి మచ్చలవలె గుంటలు పడినవి, కాని కొనతో నొక్కినచో దిగదు. మూడవది చిల్లు. కొన దిగిపోయినది, లేక వెలుతురు కనబడుచున్నది. మొదటి రెండింటికి గీకుట, పూత చాలును. మూడవదానికి అతుకు తప్పదు. ఈ విభజన చేయకుండ అంతటికిని ఒకే మందు వేయుట వలననే అనేక మరమ్మతులు ఒక్క వానకాలమునకే పాడగుచున్నవి.

పైతుప్పునకు, గుంటలకు చికిత్స

ముందుగా పెచ్చులను ఉలితోను, గీకుడు పట్టీతోను ఊడగొట్టవలెను. తరువాత వైరు బ్రష్షుతో గాని, గ్రైండరుకు తగిలించిన వైరు చక్రముతో గాని రుద్దవలెను. ఆపైన 80 నంబరు ఎమరీ కాగితముతో మొదలిడి 120, 220 నంబర్ల కాగితములతో నునుపు చేయవలెను. నంబరు పెరిగిన కొలది కాగితము సన్నగరుకుదగును. తుప్పు కనబడు మేరకే కాక, దాని చుట్టును రెండు మూడు అంగుళముల వరకు, గట్టి రంగు అంచు దొరకువరకు గీకవలెను. ఇనుము తెల్లగా మెరసినపుడే ఈ మెట్టు ముగిసినట్లు.

గుంటల అడుగున మిగిలిపోయిన తుప్పును ఎంత గీకినను పూర్తిగా తీయుట కష్టము. దాని కొరకు దుకాణములలో తుప్పును మార్చు ద్రావకములు దొరకును. వీనిలో అనేకములు ఫాస్ఫారిక్ ఆమ్లముతో చేసినవి. ఈ ఆమ్లము పలుచని తుప్పుతో కలిసి, నీటిలో కరగని ఇనుప ఫాస్ఫేటు పొరగా మారును. ఢిల్లీలోని మెహ్రౌలి యందు గుప్తుల కాలపు ఇనుప స్తంభము సుమారు 1600 సంవత్సరములుగా తుప్పునకు తట్టుకొని నిలిచియున్నది గదా. ఆనాటి కమ్మరులు తీసిన ఇనుములో భాస్వరము పాలు ఎక్కువ. దానివలన ఏర్పడిన రక్షక పొర ఆ స్తంభమును కాపాడుచున్నదని శాస్త్రజ్ఞులు తేల్చిరి. మన సీసాలోని మందు చేయు పనియు కొంత ఆ జాతికి చెందినదే. కాని వదులుగా ఉన్న పెచ్చులమీద ఈ మందు పనిచేయదు. గీకిన పిమ్మటనే పూయవలెను. డబ్బామీద వ్రాసిన విధముగా ఆరబెట్టుట, తుడుచుట చేయవలెను.

తెరచిన ఇనుము ఆలస్యమును సహింపదు. ఉదయము గీకిన రేకునకు సాయంకాలములోగా ప్రైమరు పడవలెను. రాత్రి మంచు తగిలినచో తెల్లవారుసరికి మరల ఎర్రబారును. జిడ్డు లేకుండ థిన్నరు గుడ్డతో తుడిచి, చేతితో ముట్టకుండ, పలుచగా రెండు పూతలు పూయవలెను. జింకు ఫాస్ఫేటు ప్రైమరు గాని, ఎపాక్సీ ప్రైమరు గాని మేలయినది. మనకు వాడుకలో ఉన్న రెడ్ ఆక్సైడు ప్రైమరు నీటిని పూర్తిగా ఆపజాలదు. దానిని పూసి, పైన రంగు వేయకుండ నెలల తరబడి బండిని త్రిప్పుట వ్యర్థము.

చిన్న గుంటలను నింపుటకు లప్పమును, అనగా పుట్టీని వాడవచ్చును. గట్టి ఇనుముపై పలుచగా, రెండు మూడు మిల్లీమీటర్లకు మించకుండ పట్టించి, ఆరిన పిమ్మట నునుపు చేయవలెను. లప్పము తేమను పీల్చు పదార్థము. అది రేకు కాదు, చిల్లునకు మూత కాదు.

చిల్లు పడినచో

చిల్లు పడిన చోట మొదట చేయవలసినది దానిని పెద్దది చేయుట! ఇది వింతగా తోచవచ్చును. కాని చిల్లు అంచులు కాగితమువలె పలుచనయి ఉండును. వానికి ఏ అతుకును నిలువదు. కావున మందము తగ్గని గట్టి రేకు దొరకువరకు చెడిన భాగమును కోసి తీసివేయవలెను. మూలలు పదునుగా ఉండరాదు, గుండ్రముగా ఉండవలెను. పదునైన మూలనుండియే కుదుపులకు పగులు బయలుదేరును.

తరువాత ఒక అట్టముక్కను ఆ ఖాళీపై ఉంచి, ఆకారము గీసి, కత్తిరించి, దానిని బట్టి క్రొత్త రేకు కోయవలెను. క్రొత్త రేకు పాతదాని మందమునకు సమానముగా ఉండవలెను. రేకు కొనునపుడు గేజి లెక్క తెలిసియుండుట మంచిది: 16 గేజి రేకు సుమారు 1.6 మిల్లీమీటర్లు, 18 గేజి 1.2 మిల్లీమీటర్లు, 20 గేజి 0.9 మిల్లీమీటరు మందము. గేజి సంఖ్య పెరిగిన కొలది రేకు పలుచనగును. 16 గేజికి వెల కట్టి 20 గేజి వేసినచో, రంగు పూసిన తరువాత కంటికి తెలియదు.

వెల్డింగు నేర్చినవాడు లేనిచో, భారము పడని ప్రక్క రేకులకు రివెట్ల అతుకు వేయవచ్చును. అతుకు ముక్క ఖాళీ కంటె అన్ని వైపులను ఒక అంగుళము పెద్దదిగా ఉండవలెను. రెండు రేకుల కలియు ముఖములకును ప్రైమరు పూసి, నడుమ నీరు చొరకుండ సీలెంటు పట్టించి, అంగుళము, అంగుళమున్నర దూరమునకు ఒకటి చొప్పున ఉక్కు రివెట్లను బిగింపవలెను. ఉక్కు రేకునకు అల్యూమినియము ముక్కను అతుకుగా వేయరాదు. రెండు వేరు లోహములు తడిలో కలిసియున్నచో వానిలో ఒకటి రెండవదానికి ఆహుతి యగును.

వెల్డింగు చేయించునపుడు, క్యాబిన్ రేకువంటి పలుచని రేకును సామాన్యపు ఆర్కు వెల్డింగు కాల్చి, క్రొత్త చిల్లులు పెట్టును. కర్మశాలలలో సీ.ఓ.టూ. వెల్డింగు అని పిలుచు పద్ధతి దీనికి తగినది. ఒక కొసనుండి మరియొక కొసకు ఏకధాటిగా అతికినచో వేడికి రేకు వంకర తిరుగును. ఇక్కడ ఒక చుక్క, దానికి ఎదురుగా ఒక చుక్క, ఇట్లు చుక్కలు పెట్టుచు, మధ్యమధ్య చల్లారనిచ్చుచు ఖాళీలను నింపవలెను.

అతుకు ముగిసినది కదాయని వెంటనే రంగునకు పోరాదు. వెల్డింగు వేడికి రేకు వెనుకవైపు పూత అంతయు కాలిపోయి ఉండును. ఆ వెనుకవైపును శుభ్రపరచి ప్రైమరు, రంగు వేయనిచో, క్రొత్త అతుకు వెనుకనుండి తుప్పు పట్టును. బాగుచేసిన చోటనే మరల చిల్లు పడినదని మనము వినుచుందుము. అందులో చాలవరకు కారణము ఈ మరచిపోయిన వెనుక ముఖమే.

ప్రాణము ముందు, రేకు తరువాత

గ్రైండరు పట్టువాడు కండ్లకు అద్దములు, చేతులకు తొడుగులు, ముక్కునకు దుమ్ము మాస్కు తప్పక ధరింపవలెను. పాత రంగులలో సీసము ఉండవచ్చును. కావున ఎండుదుమ్ము లేపకుండ తడిపి రుద్దవలెను, ఆ చోటికి పిల్లలను రానీయరాదు. పాఠశాల ఆవరణలోను, అంగన్‌వాడీ ప్రక్కను ఈ పని చేయరాదు.

వెల్డింగునకు ముందు బ్యాటరీ తీగలను విప్పవలెను. ట్రాలీని ట్రాక్టరునుండి వేరుచేయవలెను. రేకు వెనుక ఉన్న తీగలను, రబ్బరును, సీటు దూదిని తొలగింపవలెను. ఒక బకెట్టు నీరు, ఒక బకెట్టు ఇసుక దగ్గర ఉంచవలెను. జింకు పూసిన రేకును వెల్డింగు చేయునపుడు వచ్చు తెల్లని పొగ జ్వరము తెప్పించును. ఆ పూతను ముందుగా గీకివేసి, గాలి వీచు చోట పని చేయవలెను. అన్నింటికంటె ముఖ్యమయిన మాట: డీజిలు ట్యాంకికిగాని, చమురు పోసిన పీపాకుగాని గ్రామములో వెల్డింగు చేయరాదు. ఖాళీగా కనబడు ట్యాంకిలో మిగిలిన ఆవిరియే ప్రేలును.

క్రొత్తవారు దాటరాని హద్దు

చాసిస్, బాడీని చాసిస్‌నకు కట్టిన చోట్లు, ట్రాలీ కొక్కెము, ఇరుసు, ట్రాలీని ఎత్తు హైడ్రాలిక్ జాకీ ఆధారములు, ఇవి బరువు మోయు భాగములు. వీనిలో తుప్పు కనబడినచో బండిని నిలిపి, అనుభవము గల మెకానిక్కునకు చూపవలెను. వీనిపై లప్పము పట్టించి రంగు వేయుట ప్రాణములతో ఆటలాడుటయే.

త్రాగునీటి ట్యాంకరు సంగతి వేరు. దాని లోపలివైపున సామాన్యపు రంగును, లప్పమును, తుప్పు మందును వాడరాదు. త్రాగునీటికి పనికివచ్చునని తయారీదారు ధ్రువపరచిన పూతనే వాడవలెను. మూతపడిన ట్యాంకరులోనికి ఒక్కరినే దింపరాదు. తుప్పు గాలిలోని ప్రాణవాయువును హరించును, రంగు ఆవిరులు మత్తు కలిగించును. లోపలికి గాలి ఆడునట్లు చేసి, పైన మరియొకరు కాపలా ఉండవలెను.

పంచాయతీ ఎక్కడ నిలిచి చూడవలెను?

సభ్యులారా, ఇప్పుడు మీ బాధ్యతకు వత్తము. బాడీ మరమ్మతుకు బండిని పంపునపుడు సాధారణముగా ఒక్క పంక్తిలో అంచనా వచ్చును: “బాడీ రిపేరు, పెయింటింగు, ఇంత.” బండి తిరిగివచ్చిన దినమున రంగు నిగనిగలాడును. పంచాయతీ పేరు క్రొత్త అక్షరములలో మెరయుచుండును. బిల్లు చెల్లును. మరుసటి వానకాలమునకు పొక్కులు లేచును. పైన పటారము, లోన లొటారము అని పెద్దలు చెప్పినది ఇట్టి దానినే.

దీనికి విరుగుడు సులభము. మొదట, అంచనాను విడివిడిగా అడుగుడు: తుప్పు గీకుట ఎన్ని చదరపు అడుగులు, అతుకులు ఎన్ని, ఏ గేజి రేకు, ప్రైమరు ఏది, ఎన్ని పూతలు, వెనుక ముఖమునకు పూత ఉన్నదా లేదా. రెండవది, తుది రంగు చూచుటకు పోవుటకంటె, గీకి అతుకులు వేసిన పిదప లప్పము పట్టింపక ముందు పోయి చూడుడు. ఆ ఒక్క దినమే రేకు తన నిజమును దాచకుండ చెప్పును. ఇద్దరు సభ్యులు, కార్యదర్శి, డ్రైవరు కలిసి పోయి, సెల్‌ఫోనుతో ఛాయాచిత్రములు తీసి, బిల్లుతో జతపరచుడు. మూడవది, పని ముగిసిన తరువాత ఒక చిన్న అయస్కాంతమును రేకుపై నడిపించి చూడుడు. ఇనుముపై అది గట్టిగా పట్టుకొనును. మందపు లప్పము క్రింద చిల్లు దాగియున్నచో పట్టు వదలును. అణాకాసు విలువ చేయు ఈ పరీక్ష వేల రూపాయల బిల్లునకు కాపలా కాయును.

ఇది పనివానిని అనుమానించుట కాదు. శ్రద్ధగా గీకి, లోపలి ముఖమునకు కూడ పూత వేయు మంచి పనివాని శ్రమ రంగు క్రింద దాగిపోవుచున్నది. మనము చూడనిచో, శ్రమపడినవానికిని, పైపూత పూసినవానికిని ఒకే వెల దక్కును. కొంతకాలమునకు మంచి పనివాడు కూడ శ్రమపడుట మానును.

నిత్య సంరక్షణ

మరమ్మతు చేసిన దానిని నిలుపుకొనుట డ్రైవరు చేతిలోను, మీ ఆదరణలోను ఉన్నది. చెత్త దింపిన తరువాత ట్రాలీని నీటితో కడిగి, వెనుక తలుపు తెరచి, వాలుగా నిలిపి ఆరనీయవలెను. ఎరువులు మోసిననాడు తప్పక కడుగవలెను. నీరు పోవు రంధ్రములను నెలకొకసారి పుల్లతో పొడిచి శుభ్రము చేయవలెను. గడ్డిలో, తడినేలపై కాక, గట్టినేలపై, వీలయినచో కప్పు క్రింద బండిని నిలుపవలెను. గీత పడిన చోట ఆ వారములోనే చిన్న కుంచెతో ప్రైమరు, రంగు అద్దవలెను. ఒక చిన్న డబ్బా ప్రైమరు, ఒక కుంచె, రెండు ఎమరీ కాగితములు పంచాయతీ కార్యాలయములో ఉన్నచో చాలును.

ఏటేట మృగశిర కార్తె ప్రవేశింపక ముందే, రోహిణి ఎండలు కాయుచుండగనే, బండ్ల రేకులను తట్టి చూచు దినమొకటి నియమించుకొనుడు. గాలి పొడిగా ఉండు ఆ దినములలో పూతలు చక్కగా ఆరును, తుప్పును అణగియుండును. చూచిన సంగతులను తేదీతోసహా ఒక పుస్తకములో వ్రాయించుడు. వచ్చు పాలకవర్గమునకు మీరు అప్పగించు ఆస్తులలో ఆ పుస్తకమును ఒకటి యగును.

రైతు తన నాగలి కర్రుకు, ఇల్లాలు తన పెనమునకు తుప్పు పట్టనీయరు. తమ సొత్తని వారెరుగుదురు. పంచాయతీ బండి ఊరందరి సొత్తు. అందరిదియు గనుక ఎవరిదియు కాకుండ పోవు ప్రమాదము దానికి కలదు. ఆ ట్రాలీలో నిలిచి, తెల్లవారుజామున మన వీథులను శుభ్రము చేయు కార్మికుని పాదముల క్రింద గట్టి రేకు ఉండునట్లు చూచుట మన విధి. ఈ వానకాలమునకు ముందే మీ ఊరి బండిని ఒకసారి తట్టి చూడుడని కోరుచు, సెలవు తీసికొనుచున్నాము.